తాళంచెవి మొలలోనే

పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అని మనలో ఒక సామెత వుంది. ఆ మాట అన్న పెద్దలు కంప్యూటరును చూసి వుండరు. చూసి వుంటే, తమ సామెత ఇంత చక్కగా అతికే చోటు మరొకటి లేదని సంతోషించి వుండేవారు.

కంప్యూటరు శాస్త్రంలో దీనికి డెడ్‌లాక్ అని పేరు. ఒకడు పట్టుకున్నది రెండోవాడికి కావాలి, రెండోవాడు పట్టుకున్నది మొదటివాడికి కావాలి. ఇద్దరూ పట్టు విడవరు. ఈ ముడి పడాలంటే నాలుగు పరిస్థితులు కూడిరావాలనీ, అందులో ఏ ఒక్కటి తప్పించినా ముడి పడదనీ 1971లో కాఫ్‌మన్, మరి ఇద్దరు కలిసి తేల్చారు. ఈ వారం నేను చెప్పబోయే రకానికి ఇద్దరు కూడా అక్కరలేదు. ఒక్కడే తనకోసం తాను ఎదురుచూస్తూ కూచుంటాడు!

1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన లినక్స్ మీ ఇంట్లోనూ వుండవచ్చు. ఆండ్రాయిడ్ ఫోను గుండెకాయ అదే. అమ్మాయి పెళ్ళి ఫొటోలూ, అబ్బాయి మార్కుల పత్రాలూ దాచి, అడిగినప్పుడు తీసి ఇచ్చేది అందులోని ఫైల్ సిస్టమ్. దాన్ని ఒక కచేరీలో గుమస్తా అనుకోండి. డిస్కు ఆయన పద్దుల పుస్తకం. మెమరీ పలకలు. పలక మీద రాసింది పుస్తకానికి ఎక్కిస్తేగాని పలక తుడవడానికి వీల్లేదు.

గుమస్తా పద్దు సగం రాశాడు. లెక్క కట్టుకోవడానికి పలక కావలసివచ్చింది. ఎవరూ వచ్చి పుస్తకం చెరపకుండా గదికి తాళం వేసి, చెవి మొలలో దోపుకుని, పలకలిచ్చే ఉగ్రాణంవాడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన, "ఖాళీ పలకలు లేవు. అదుగో, ఆ పలక మీది పద్దు పుస్తకానికి ఎక్కించి, తుడిచి తీసుకోండి" అన్నాడు. ఆ కచేరీలో అడిగినవాడే ఆ పని చెయ్యాలని నియమం. గుమస్తా వెళ్ళి చూస్తే గదికి తాళం! 'లోపల పని పూర్తికాలేదు కాబోలు, ఆగుదాం' అని నిలబడ్డాడు. ఆయన వెనుక ఇంకొకరు, వారి వెనుక మరొకరు. కచేరీ యావత్తూ ఆగిపోయింది.

చెవి ఆయన దగ్గరే వుంది గదా అంటారా? తీసి లోపలికి వెళితే, సగం రాసిన పద్దు మధ్యలో మరో పద్దు దూరి పుస్తకమే పాడవుతుంది. పోయేవి మీ ఫొటోలూ, నా ఉత్తరాలూ. పైగా పలకలు దండిగా వున్నన్నాళ్ళూ ఈ ప్రమాదం కంటికి కనబడదు. పని ముమ్మరంగా వున్న రోజునే వచ్చిపడుతుంది.

మందు ఏమిటంటే, అడిగేటప్పుడే సంగతి చెప్పడం. మామూలుగా అడిగితే దాని పేరు జీఎఫ్‌పీ కెర్నెల్. "పద్దుల గది జోలికి నన్ను పంపకుండా ఇవ్వండి" అని అడిగితే జీఎఫ్‌పీ నోఎఫ్ఎస్. అప్పుడు ఉగ్రాణంవాడు ఇదివరకే పుస్తకానికి ఎక్కిన పలక ఏదైనా తుడిచి ఇస్తాడు.

ఇందులో రెండు చిక్కులు వచ్చాయి. గుమస్తా తన కుర్రవాణ్ణి పంపితే, యజమాని మొలలో చెవి వున్న సంగతి వాడికి తెలియదు. వాడు మామూలుగానే అడిగేవాడు. మరికొందరు తాళం లేకపోయినా, ఎందుకైనా మంచిదని, గది జోలికి పంపవద్దనేవారు. అందరూ అలా అంటే ఇక పలకలు తుడిచేవారెవరు? కరువు అలాగే వుండిపోతుంది. అంచేత 2017లో, 4.12వ కూర్పులో, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ తన వరకు పాటిస్తూ వచ్చిన పద్ధతిని అందరికీ పెట్టారు. తాళం వేసేటప్పుడు గుమస్తా మెడలో బిళ్ళ వేసుకుంటాడు, తీసేటప్పుడు బిళ్ళా తీసేస్తాడు. ఈలోగా ఆయన తరపున ఎవరు అడిగినా బిళ్ళ ప్రకారమే జరుగుతుంది.

డిస్కుకు రాతలు మోసే కింది నౌకర్లకు ఇది కూడా చాలదు. వాళ్ళు ఆగితే ఏ పలకా ఖాళీకాదు. మన ఇల్లాళ్ళు పోపుల డబ్బాలో నాలుగు డబ్బులు దాచినట్టు, వాళ్ళకోసం కొన్ని పలకలు ముందే విడిగా పెడతారు. దానికి మెమ్‌పూల్ అని పేరు.

2006 నుంచి లాక్‌డెప్ అనే కాపలావాడు కూడా వున్నాడు. కార్యక్రమాలు రాసేవారు పరీక్షలు చేసేటప్పుడు వాణ్ణి కూచోబెడతారు. ఎవరు ఏ తాళం తరవాత ఏ తాళం వేస్తున్నారో రాసుకుని, ముడి పడకముందే, పడే వీలుందని కేకవేస్తాడు.

ఇన్ని ఏర్పాట్లలోనూ నాకు నచ్చింది ఆ బిళ్ళే. ఇచ్చేవాడు ఎంత మంచివాడైనా అడిగేవాడి మొలలో ఏముందో ఆయనకెలా తెలుస్తుంది? అడిగేవాడే చెప్పుకోవాలి. పని కాగానే బిళ్ళ తీసెయ్యడం కూడా మరిచిపోకూడదు సుమండీ! అధికారపు బిళ్ళ ఒకసారి మెడలో పడితే తీయడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.