అయిదు వెలుగుల్లో ఒక ఇల్లు

మనిషి కంటికి ఉన్న ఓర్పు కెమెరాకు లేదు. మిట్టమధ్యాహ్నం మండువా లోగిట్లో నిలబడి చూసినప్పుడు, ఎండకు మెరిసే సున్నపు గోడను, దాని వెనుక చీకటి గదిలో వేలాడే ఉట్టిని ఒకే చూపులో చూశామనుకుంటాం. నిజానికి కన్ను వాటిని ఒక్కసారిగా చూడదు. గోడ వైపు తిరిగినప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది; గది వైపు మళ్ళినప్పుడు విప్పారుతుంది. ఈ తునకలన్నిటినీ మెదడు అతికి, నిండు దృశ్యంగా మనకు అందిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. దాని తలుపు ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి మూసుకుంటుంది. ఆ నడుమ లోపలికి వచ్చిన వెలుతురే దానికి సర్వస్వం.

అందుచేతనే పాత ఇళ్ళను, గుడి మండపాలను ఫొటో తీసినవారందరికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. గది కనిపిస్తే కిటికీ తెల్లని మచ్చగా మిగిలిపోతుంది. కిటికీలోంచి కొబ్బరిచెట్టు కనిపిస్తే గది మసిబొగ్గవుతుంది. ఈ చిక్కుకు విరుగుడు దాదాపు ప్రతి మిర్రర్‌లెస్ కెమెరాలోనూ ఉంది. దాని పేరు ఆటో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్. మెనూలో ఏ.ఈ.బి. అనో, బి.కె.టి. అనో చిన్న అక్షరాలలో కనిపిస్తుంది. వేలకు వేలు పోసి కెమెరా కొన్నవారిలో సైతం, దాన్ని ఒక్కసారైనా వాడి చూడనివారు నాకు చాలామంది తెలుసు.

పేరులోని అర్థం

బ్రాకెట్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది కుండలీకరణం. ఇంగ్లీషులో ఆ మాటకు ఫిరంగిదళాల వాడుకలో మరొక అర్థం కూడా ఉంది. గురికి ఇవతల ఒక గుండు, అవతల ఒక గుండు పడేటట్టు పేల్చి, గురి ఆ రెంటి నడుమ ఉన్నదని నిర్ధారించుకుని, క్రమంగా ఎడం తగ్గించుకుంటూ రావడమన్నమాట. ఫొటోగ్రఫీలోని అర్థం దీనికి బహు దగ్గర. సరైన వెలుతురు ఇంత అని ఒకే అంచనాకు కట్టుబడక, దానికి తక్కువగా ఒకటి, ఎక్కువగా ఒకటి తీసి పెట్టుకోవడమే బ్రాకెటింగ్. ఇక ఎక్స్‌పోజర్ అన్న మాటకు సమానార్థకం వెతకడం అనువాదకురాలిగా నాకు సరదాయే గాని, మన ఊళ్ళలోని స్టూడియోల వారు ఎన్నడో దాన్ని తెలుగు చేసుకున్నారు కనుక అలాగే ఉంచుతున్నాను.

ఈ వెలుతురును కొలిచే మెట్టు పేరు స్టాప్. ఒక స్టాపు పెంచితే వెలుతురు రెండింతలవుతుంది. ఒక స్టాపు తగ్గిస్తే సగమవుతుంది. షట్టరు 1/125 సెకను తెరిచి ఉండేదల్లా 1/60 సెకను తెరిచి ఉంటే ఒక స్టాపు పెరిగినట్టు. లెక్క చిన్నదే గాని, కూడబెడితే కొండంత. ఎండ పడిన సున్నపు గోడకు, ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చరు ఎఫ్-8 వద్ద, 1/500 సెకను చాలు. అవే కొలతలతో, కిటికీ మూసి ఉన్న లోపలి గదికి 2 సెకన్లు పట్టవచ్చు. ఈ రెంటికీ వెయ్యి రెట్లు తేడా. అంటే సుమారు 10 స్టాపులు. ఇక గోడ మీది మెరుపు, గది మూలలోని నలుపు కూడా కలుపుకుంటే అంతరం ఇంకా పెరుగుతుంది. నేటి మంచి సెన్సర్లు రా ఫైలులో 12 నుంచి 14 స్టాపుల దాకా పట్టుకోగలవు గాని, ఆ అంచుల్లో దొరికేది నాణ్యమైన సరుకు కాదు.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. సెన్సరులోని ప్రతి బిందువూ వెలుతురును నింపుకునే చిన్న పాత్ర వంటిది. పాత్ర నిండి పొర్లితే, పొర్లినది ఎంతో తర్వాత ఎవరూ చెప్పలేరు. తెల్లగా కాలిపోయిన చోట ఏ సాఫ్ట్‌వేరూ గోడ మీది గీతను తిరిగి తీసుకురాలేదు. తక్కువ వెలుతురు పడిన చోట వివరం కొంత ఉంటుంది. పైకి లాగితే దానితో పాటు చిత్రమంతా ఇసుక చల్లినట్టు మచ్చలు తేలతాయి. పొర్లకుండా ఒకటి, వెలితి పడకుండా మరొకటి తీయవలసిన అవసరం ఇందువల్లనే వచ్చింది.

గాజు పలకల నాటి నుంచి

ఈ ఉపాయం కంప్యూటర్లతో పుట్టినది కాదు. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఛాయాగ్రాహకుడు సముద్రాన్ని తీయబూనాడు. ఆనాటి గాజు పలకలకు నీలిరంగు మీద మక్కువ ఎక్కువ. అలలు కనిపించేదాకా ఆగితే ఆకాశం పూర్తిగా కాలిపోయేది. ఆయన ఆకాశానికి ఒక నెగటివు, నీటికి ఒక నెగటివు వేరువేరుగా తీసి, దిగంతరేఖ వద్ద రెంటినీ కలిపి అచ్చు వేసిన చిత్రాలున్నాయి. మేఘాలూ అలలూ ఒకే కాగితం మీద చూసి ఆనాటి జనం ముక్కున వేలు వేసుకున్నారంటే వింత లేదు.

ఫిల్ము రోజుల్లో స్లయిడ్లు తీసేవారు చేతితోనే బ్రాకెట్ చేసేవారు. స్లయిడు ఫిల్ముకు ఓర్పు మరీ తక్కువ; అర స్టాపు తేడా వచ్చినా రంగు మారేది. పైగా రీలుకు 36 బొమ్మలు. ఒక్కొక్క దృశ్యానికి మూడేసి చొప్పున ఖర్చు పెడితే మిగిలేవి 12 దృశ్యాలే. కాబట్టి ప్రతి క్లిక్కుకూ చేయి వణికేది. స్లయిడు ఫిల్ములలో మేటి అనిపించుకున్న కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగిపోయింది. నేడు అయిదు బొమ్మలు తీసినా కార్డులో కాస్త చోటు తప్ప పోయేది లేదు.

అనేక బొమ్మలను ఒకటిగా కలిపే గణితానికి గట్టి పునాది 1997లో పడింది. మథురలో పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని బర్క్‌లీలో ఆచార్యుడైన జితేంద్ర మాలిక్, ఆయన శిష్యుడు పాల్ డెబెవెక్ కలిసి ఆ ఏడు ఒక పత్రం వెలువరించారు. వేరువేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలను బట్టి ఆ దృశ్యంలోని అసలు వెలుతురును ఎలా లెక్కగట్టవచ్చో అందులో చూపారు. 2007లో టామ్ మెర్టెన్స్, యాన్ కౌట్జ్, ఫ్రాంక్ వాన్ రీత్ మరో సులువైన మార్గం చెప్పారు. అసలు వెలుతురు లెక్క జోలికి పోకుండా, ప్రతి బొమ్మలోనూ ఏ భాగం చక్కగా వచ్చిందో ఆ భాగానికే ఎక్కువ విలువ ఇచ్చి కలపడం ఆ మార్గం. ఉచితంగా దొరికే ఎన్‌ఫ్యూజ్ అనే సాఫ్ట్‌వేరు పనిచేసేది ఈ రెండో పద్ధతిలోనే.

చేసే విధానం

కెమెరాను ముందుగా ఎపర్చర్ ప్రయారిటీలో పెట్టాలి. బొమ్మకూ బొమ్మకూ మారవలసినది షట్టరు కాలం ఒక్కటే; ఎపర్చరు మారితే ముందువెనుకల స్పష్టత మారి, బొమ్మలు ఒకదానిపై ఒకటి కూర్చోవు. ఆటో ఐ.ఎస్.ఓ. తీసివేసి, 100 వద్దనో 200 వద్దనో నిలపాలి. లేకుంటే కెమెరా షట్టరుకు బదులు ఐ.ఎస్.ఓ.నే మార్చి, మన శ్రమను వృథా చేయవచ్చు. వైట్ బాలెన్స్‌ను ఒకచోట స్థిరపరచాలి. ఫోకస్ ఒకసారి కుదిరాక మాన్యువల్‌కు మార్చాలి. ఫైళ్ళు రా రూపంలో ఉండాలి.

తర్వాత బ్రాకెటింగులో బొమ్మలెన్నో, ఎడమెంతో చెప్పాలి. సామాన్య దృశ్యానికి మూడు బొమ్మలు, రెండేసి స్టాపుల ఎడం చాలు. మండువా ఇంటి వంటి చోట అయిదు కావాలి. నడిమి బొమ్మ 1/30 సెకను అయితే, తక్కినవి 1/500, 1/125, 1/8, 1/2 సెకను అవుతాయి. మూడుకు మించి తీయని కెమెరా అయినా చింత లేదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను జరిపి మరో మూడు తీసుకుంటే సరి. కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, రెండు సెకన్ల టైమరు పెట్టి, నొక్కి చేయి తీసేయాలి. ట్రైపాడ్ వాడేటప్పుడు, కెమెరా పుస్తకంలో వేరే చెప్పి ఉంటే తప్ప, స్టెబిలైజేషన్ ఆపడం మేలు.

మిర్రర్‌లెస్ కెమెరా వల్ల ఇక్కడ రెండు లాభాలు. నొక్కకముందే వెలుతురు ఎలా పడుతుందో వ్యూఫైండరులోనే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి గోడకు ఒరుసుకుంటూంటే పాత్ర పొర్లుతున్నదని అర్థం. పైకి లేచి పడే అద్దం లేదు కనుక అదురు తక్కువ. అయితే ఒక హెచ్చరిక. ట్యూబులైట్లు, కొన్ని ఎల్.ఇ.డి. బల్బులు ఉన్నచోట చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు వాడరాదు. మన దేశపు కరెంటు 50 హెర్ట్జులది; దాని వల్ల అటువంటి దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. త్వరగా తీసిన బొమ్మల్లో అవి అడ్డచారలుగా పడతాయి. అక్కడ మెకానికల్ షట్టరే శరణ్యం. వీలైతే ఆ దీపాలు ఆర్పివేయడం ఇంకా ఉత్తమం.

గుళ్ళలో తీసేటప్పుడు ట్రైపాడుకు అనుమతి ఉన్నదీ లేనిదీ ముందుగా విచారించుకోవాలి. లేపాక్షి వీరభద్రాలయం మండపంలో విజయనగర కాలపు కప్పు చిత్రాల వంటివి ఫ్లాషు వెలిగించవలసినవి కావు. స్తంభాల నడుమ ఎండ, తలపైన మసక ఉన్న అటువంటి చోట ఓపికగా బ్రాకెట్ చేయడమే మర్యాద.

గది చీకటి గదిగానే ఉండాలి

కోనసీమలోని మా పెద్దమ్మగారి పెంకుటింటిని కూల్చివేయాలని పంపకాలలో నిర్ణయమయినప్పుడు, అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు ఆ ఇంటిని ఇలాగే తీశాడు. మండువా, వసారా, పడమటిల్లు, ధాన్యపు కొట్టు, ఒక్కొక్కటి అయిదేసి బొమ్మలు. ఆ రాత్రే కంప్యూటరులో కలిపి, పొద్దున్నే ఆమెకు చూపించాడు. ఎండలో పెంకులు, దూలాల చెక్కడం, కొట్టుగదిలోని గాదె, అన్నీ ఒకే వెలుగులో నిగనిగలాడుతున్నాయి. పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“బాగుందిరా. ఎవరిల్లూ ఇది?” అంది.

“మనదే అమ్మమ్మా. ఇదుగో, కొట్టుగది.”

“మన కొట్టుగదిలో ఇంత వెలుతురెక్కడిదిరా? పట్టపగలు దీపం పట్టుకుని వెళ్ళేవాళ్ళం.”

వాడు నొచ్చుకోలేదు. అవే అయిదు బొమ్మలను మళ్ళీ ముందు వేసుకున్నాడు. ఈసారి చీకటిని చీకటిగానే ఉండనిచ్చి, అందులో ఉన్నవి కంటికి ఆనేంత మాత్రమే పైకి తెచ్చాడు. మండువాలో ఎండ ఎండలా ఉంది. కొట్టుగది గుమ్మం దాటిన కొద్దీ మసకబారి, గాదె అంచు, గోడలోని దీపపు గూడు మాత్రం లీలగా కనిపించాయి. పెద్దమ్మ వేలు నేరుగా ఆ గూటి మీదికి వెళ్ళింది. గూటి పైన గోడకు నిలువుగా పట్టిన మసి చార ఉంది. “మా అత్తగారు పెట్టిన దీపాలది” అని, ఇంకేమీ అనలేదు.

ఆ మసి చార అయిదింటిలో ఒక్క బొమ్మలోనే స్పష్టంగా పడింది. అరసెకను పాటు షట్టరు తెరిచి ఉన్న చివరి బొమ్మలో. ఆ బొమ్మలో మండువా అంతా తెల్లగా కాలిపోయి ఉంది. విడిగా చూస్తే, పాడయినదని ఎవరైనా చెరిపేసే బొమ్మ అది. ఆ వేసవిలోనే ఇల్లు నేలమట్టమయింది. ఆ గూడు ఇప్పుడు ఆ ఒక్క బొమ్మలోనే ఉంది.

దీన్నిబట్టి నేను గ్రహించినది ఇది. బ్రాకెటింగ్ మనకు వివరాలను సేకరించి పెడుతుంది. ఎంత చూపాలో చెప్పదు. మూలగ్రంథంలో మరుగుగా ఉన్న వాక్యాన్ని అనువాదంలో విప్పి, వివరించి, వెలిగించి పెడితే పాఠకుడికి సులువుగానే ఉంటుంది గాని, ఆ రచయిత గొంతు అక్కడ ఉండదు. చీకటి గది కూడా అటువంటి వాక్యమే. దానిలో ఏముందో మనకు పూర్తిగా తెలిసి ఉండాలి. చూసేవారికి అది చీకటి గదిగానే అందాలి.

అన్ని చోట్లా ఈ పద్ధతి పనికిరాదు. పరుగెత్తే పిల్లలు, గాలికి ఊగే ఆకులు, జాతరలో జనం, ఇవన్నీ బొమ్మకూ బొమ్మకూ చోటు మారి, కలిపినప్పుడు దయ్యాల్లా రెండేసి నీడలుగా కనిపిస్తాయి. మబ్బు పట్టిన పగటివేళ వెలుగునీడల తేడా తక్కువ. ఒక్క రా ఫైలు సరిపోతుంది. మనుషుల ముఖాలకూ ఒక్క బొమ్మే మేలు.

మీ ఊళ్ళో, మీ బంధువుల ఊళ్ళో, పంపకాల కోసమో కొత్త మేడ కోసమో గోడలు కూలడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఒక పూట అక్కడికి వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం మంచిది. ప్రతి గదినీ గుమ్మం నుంచి ఒకసారి, లోపలి నుంచి ఒకసారి తీయండి. పాడయినట్టు కనిపించే బొమ్మలను చెరపకండి. ఏ గదిని ఇంట్లో ఏమని పిలిచేవారో, ఏ తేదీన తీశారో రాసి పెట్టండి. కలపడం ఎప్పుడైనా చేయవచ్చు. ఆ ఇంట్లో కాపురం చేసిన పెద్దవారు ఉన్నప్పుడే వారి పక్కన కూర్చుని చేస్తే, ఎంత వెలుతురు చాలో వారే చెబుతారు.