లైసెన్సు బీరుకా, భవనానికా?

హైదరాబాద్ పడమటి అంచున ఓ చిన్న బ్రూవరీ మూతపడితే కారణాలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ట్రాఫిక్ అంటారు, అద్దె అంటారు, మన జనానికి రుచి తెలియదంటారు. మొదటి రెండింట్లో కొంత నిజముంది. మూడోది పచ్చి అబద్ధం. నల్లగండ్ల, తెల్లాపూర్, గోపనపల్లి అపార్టుమెంట్లలో బెంగళూరులో కొలువు చేసి వచ్చినవాళ్లున్నారు, ఆఫీసు పని మీద మ్యూనిక్ దాకా వెళ్లి వచ్చినవాళ్లున్నారు. గోధుమ బీరుకూ లాగర్‌కూ తేడా వాళ్లకు తెలుసు. అయినా బ్రూవరీ బోర్డులు మారుతూనే ఉన్నాయంటే తప్పు తాగేవాడిది కాదు. బీరు కాచడం వచ్చినవాడిని హోటలు యజమాని కాళ్లకు కట్టిపడేసిన నిబంధనలది. ఆ నిబంధనల చాటున బీరును షోకేసు బొమ్మను చేసిన పెట్టుబడిదారులది.

తెలంగాణలో మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చింది 2015లో. పుణెలో డూలాలీ బ్రూవరీ 2009లోనే మొదలైంది. బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో తెరిచారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముందువాళ్లను చూసి నేర్చుకునే వీలైనా ఉంటుంది. మన ఎక్సైజ్ శాఖ ఆ వీలును వాడుకోలేదు. ఎక్కడ కాస్తే అక్కడే అమ్మాలి, అక్కడే తాగాలి అన్న సూత్రం పట్టుకుని కూర్చుంది. ఈ ఒక్క షరతుతో బీరు తయారీ ఇక్కడ సొంత కాళ్ల మీద నిలబడే వృత్తి కాకుండా పోయింది. మంచి బీరు కాయాలంటే ముందు ఓ పెద్ద భవనం అద్దెకు తీసుకోవాలి, వంటగది నడపాలి, పదుల సంఖ్యలో సిబ్బందిని పోషించాలి, పార్కింగ్ చూపించాలి. ఇదంతా అయ్యాక ఓ మూల అద్దాల వెనక రాగి రంగు ట్యాంకులు పెట్టుకోవచ్చు.

మహారాష్ట్ర ఈ ముడి ఎప్పుడో విప్పింది. అక్కడ చిన్న బ్రూవరీ తన బీరును కెగ్గుల్లో (పీపాల్లో) నింపి లైసెన్సు ఉన్న ఇతర బార్లకు పంపవచ్చు. ముంబైలో గేట్‌వే బ్రూయింగ్, పుణెలో గ్రేట్ స్టేట్ ఏల్‌వర్క్స్ లాంటివి పేరు తెచ్చుకున్నది అలాగే. ఊరి చివర షెడ్డులో కాచి, ఊరి నడుమ నలుగురి బార్లలో అమ్ముకునే వెసులుబాటు అది. బెంగళూరులోనూ కాచినచోటే అమ్మాలి కదా, అక్కడ నడవడం లేదా అని అడగవచ్చు. ఇందిరానగర్‌కు 2011 నుంచి మెట్రో ఉంది. వీధి వెంట నడిచి వచ్చే జనం ఉన్నారు. మన మెట్రో ఒక పక్క మియాపూర్‌లో, ఇంకో పక్క రాయదుర్గంలో ఆగిపోయింది. నల్లగండ్లకు ఉన్న రైలు లింగంపల్లి ఎంఎంటీఎస్ ఒక్కటే. గట్టి వాన పడితే లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ చెరువవుతుంది. వారాంతం రాత్రి సైబరాబాద్ పోలీసులు బ్రీత్ ఎనలైజర్లతో రోడ్డు మీద ఉంటారు. ఉండాల్సిందే. కానీ తాగినవాడు క్యాబ్‌లో ఇల్లు చేరాలంటే, క్యాబ్ కిరాయి కూడా ఆ గ్లాసు ధరలో కలిసినట్టే.

ఈ వ్యాపారంలో లెక్కంతా ట్యాంకు దగ్గరే ఉంటుంది. గోధుమ బీరు రెండు వారాల్లో గ్లాసులోకి వస్తుంది. లాగర్ అయితే చలిలో ఐదారు వారాలు పక్వానికి రావాలి. ఒక విడత లాగర్ తీసే వ్యవధిలో అదే ట్యాంకు నుంచి గోధుమ బీరు రెండు మూడు విడతలు తీయవచ్చు. మన పబ్బుల మెనూల్లో గోధుమ బీరు పైవరసలో ఉండటానికి ఇదీ ఒక కారణం. ట్యాంకు చల్లబరిచే చిల్లర్ రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ మీదైనా. బీరుకు చేదునిచ్చే హాప్స్ ఎక్కువగా దిగుమతి సరుకే. బోరు నీటిలో, ట్యాంకరు నీటిలో లవణాల మోతాదు రోజుకో రకం. వాటిని సరిచేయకుండా కాస్తే ఈ నెల బీరుకూ వచ్చే నెల బీరుకూ పోలికే ఉండదు. ఇంతా చేసి కాచిన బీరును పాశ్చరైజ్ చేయరు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుందన్నది గీత కార్మికుడికి పుట్టుకతో తెలిసిన సంగతి. బీరుకు గడువు వారాల్లో ఉంటుంది, అంతే తేడా.

ఇక పడమటి కారిడార్‌లో పబ్బు శుక్ర, శనివారాలు కిటకిటలాడి, సోమవారం నుంచి గురువారం దాకా ఈగలు తోలుకుంటుంది. మిగిలిన బీరును పక్క వీధి బారుకు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. వాసన తగ్గిన బీరును అలాగే పోయాలి, లేదా కాలవపాలు చేయాలి. 2020లో ఈ సంగతి బట్టబయలైంది. లాక్‌డౌన్ తర్వాత మద్యం దుకాణాలు మే 6న తెరిచారు. బార్లు, పబ్బులకు సెప్టెంబరు ఆఖరు దాకా అనుమతి రాలేదు. సీసాలోని బీరు ఆగింది, ట్యాంకులోని బీరు ఆగలేదు. గ్రౌలర్లనే పెద్ద సీసాల్లో నింపి ఇంటికి పట్టుకెళ్లే వీలు మహారాష్ట్ర ఆ ఏడాదే కల్పించింది.

పన్ను దెబ్బ వేరే ఉంది. తాగే మద్యం జీఎస్టీకి బయట ఉంది కాబట్టి భవనం అద్దె మీద కట్టిన 18 శాతం జీఎస్టీని బీరు మీద కట్టే వ్యాట్‌లో సర్దుకునే వీలు లేదు. అద్దె ఎంత పెరిగితే ఆ నష్టం అంత పెరుగుతుంది.

యజమానులనూ వదిలిపెట్టలేం. వెలుతురుకూ డీజేకూ కోటానుకోట్లు పోసి, బ్రూయర్ జీతం దగ్గర బేరమాడేవాళ్లు ఈ నగరంలో ఎందరో. కుళాయి గొట్టాలు రెండు వారాలకోసారైనా కడగకపోతే బీరు పులుపెక్కుతుంది. పులియడం పూర్తి కాకముందే హడావిడిగా చల్లబరిస్తే వెన్న వాసన కొడుతుంది. ఇవి బ్రూయర్లందరికీ తెలిసిన పాఠాలే. అయినా పది రకాల బీర్లు రాసిన మెనూలో ఆరు లేకపోవడం, ఉన్న నాలుగింట్లో రెండు చెడి ఉండటం మామూలైపోయింది. నిలదొక్కుకున్నవి చూడండి. అవి రకాలు తగ్గించుకున్నాయి, బ్రూయర్‌ను మార్చలేదు, తిండి కోసమే బుధవారం కూడా కుటుంబాలు వచ్చేలా వంటగదిని నడిపాయి. ఇంకో రకం విజేతలూ ఉన్నారు: నాలుగైదు చోట్ల శాఖలున్న గొలుసు సంస్థలు. ఒకచోట నష్టాన్ని మరోచోట లాభంతో పూడ్చుకుంటాయి, మాల్ట్ టోకున కొంటాయి. వీళ్ల గెలుపులో బీరు నాణ్యత వాటా ఎంత, జేబు లోతు వాటా ఎంత అన్నది వేరే ప్రశ్న.

ప్రభుత్వానికి ఎవరి గొంతు వినిపిస్తుందో 2025 జనవరిలో చూశాం. కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్, ధర పెంచలేదని, బకాయిలు తీర్చలేదని 8వ తేదీన సరఫరా ఆపేసింది. ఫిబ్రవరి తిరక్కుండానే బ్రూవరీలకు ఇచ్చే ధర 15 శాతం పెరిగింది. ఆ సంస్థ అడిగింది న్యాయమా కాదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. ట్యాంకు ఖాళీ చేసుకుని తాళం వేసిన చిన్న తయారీదారు కోసం మాత్రం సచివాలయంలో ఫైలు కదలలేదు. ఆ ఏడాదే 2,620 మద్యం దుకాణాలకు తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుము 3 లక్షలు పెట్టి ఖజానా నింపుకున్న శాఖకు, వెయ్యి లీటర్ల ట్యాంకు కంటికి ఆనదు.

మద్యం అమ్మకాలు పెంచమని ఈ పత్రిక అడగడం లేదు. అమ్మకానికి అనుమతి ఇచ్చాక, ఆ అనుమతి పనిమంతుడికి కాక పెద్ద భవనం ఉన్నవాడికే అక్కరకొచ్చేలా రాయడాన్ని తప్పుపడుతున్నాం. లైసెన్సు ఉన్న బార్లకు కెగ్గుల్లో బీరు పంపుకునే వీలు కల్పించాలి. తయారీ లైసెన్సును పబ్బు లైసెన్సు నుంచి విడదీయాలి. గొట్టాల శుభ్రతనూ నీటి నాణ్యతనూ తనిఖీ చేసి ఫలితాలు బయటపెట్టాలి. వీటికి శాసనసభ దాకా పోనక్కర్లేదు, 2015 నిబంధనలకు సవరణగా ఒక జీవో చాలు. ఆ జీవో జారీ చేయించే బాధ్యత ఎక్సైజ్ మంత్రిది.