వేసవికి ఓడికొలోన్

ఎండలు ముదిరాక నేను అత్తరు జోలికి పోను. చెమటతో కలిస్తే తల దిమ్మెక్కిపోతుంది. అప్పుడు నాకు హాయి ఓడికొలోనే. జ్వరం వస్తే రుమాలు తడిపి నుదుట వేసేవారు చూడండి, అదే!

ఇది జర్మనీలోని కొలోన్ నగరంలో పుట్టింది. ఇటలీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన యోహాన్ మారియా ఫరీనా దీన్ని కూర్చాడు. 1709లో మొదలైన వారి కుటుంబ సంస్థ ఈనాటికీ అమ్ముతూనే ఉంది. నిమ్మ, నారింజ, బెర్గమాట్ తొక్కల నూనెలు, నారింజ పూల తైలం ఆల్కహాలులో కలుపుతారు. ఆల్కహాలు ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది కనుకనే ఆ చల్లదనం. తొక్కల వాసన గుప్పుమని ఇట్టే ఎగిరిపోతుంది. పూల వాసన కాసేపుంటుంది.

“నిలవదేం?” అని మా వదిన నిష్ఠూరం. నిలవకపోవడమే దాని సుగుణం వదినా, అంటాను. మళ్ళీ రెండు చుక్కలు వేసుకుంటే మళ్ళీ చల్లన!

ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. బెర్గమాట్ నారింజ జాతి కాయ. దాని తొక్కనూనెలోని బెర్గాప్టెన్ అనే పదార్థం ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కందిపోతుంది. ఆపైన పడే నల్లమచ్చలు నెలల తరబడి పోవు. ఇప్పుడు చాలా నూనెల్లో దాన్ని తొలగిస్తున్నారు. అయినా సీసా చూసి మనం పోల్చుకోలేం. కాబట్టి పగటిపూట మెడకూ, చేతులకూ వద్దు; చేతిరుమాలు చాలు. పొద్దు వాలాక మీ ఇష్టం.