ఆకాశమున అంగడి

మన తిరునాళ్ళయందు అంగళ్ళుండును. చిలకలపూడి పాండురంగని కార్తికోత్సవమునకు పోయినవాడు సముద్రస్నానము చేసి, దేవుని దర్శించి, పిల్లలకు మిఠాయియు బొమ్మయు కొని ఇల్లు చేరును. అంగడి లేని తిరునాళ్ళను మన తాతలును ఎరుగరు. కాని దేవుని గుమ్మమునకు అడ్డముగా అంగడి పెట్టి, దర్శనార్థులను అంగడి వెనుకకు నెట్టిన తిరునాళ్ళను వారు చూచి యుండరు. నేడు ఆకాశమున జరుగు తిరునాళ్ళకు ఈ గతి పట్టుచున్నదని మా భయము. విమాన ప్రదర్శనములను గూర్చియు, తమ విమానములను తామే కట్టుకొనువారి కూటములను గూర్చియు మేమిట ముచ్చటింపబూనితిమి.

దివిసీమ రైతునకును, గుడివాడ విద్యార్థికిని, బందరు పనివానికిని విమానములతో నేమి పని యని కొందరడుగవచ్చును. పని యున్నది. బందరున 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ యను పేర ఒక పరికరముల కర్మాగారము పుట్టెను. శాస్త్రసాధనములు మన యూరి పనివాండ్ర చేతులనుండియు వెలువడగలవని అది చూపెను. 1983లో ఆ కర్మాగారము భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరెను; నేడు సైనికులకు చీకటిలో చూపునొసగు సాధనములు బందరున తయారగుచున్నవి. నాగాయలంక చెంత క్షిపణి పరీక్షా కేంద్రమునకు 2025 మే 2వ తేదీన శంకుస్థాపనము జరిగెను; దాని వ్యయము సుమారు 1,460 కోట్ల రూపాయలని ప్రకటించిరి. పొలముపై మందు చల్లు డ్రోనులను 15,000 మహిళా సంఘములకు ఇచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరులో అంగీకరించెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగిననాడు, నీట చిక్కుకొన్న ఇండ్లకు ఆహారపు పొట్లములను డ్రోనులు మోసికొని పోయెను. కావున ఆకాశము మనకు దూరము కాదు. ఆ ఆకాశమునందు మన బిడ్డ పనివాడై యుండునా, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడై యుండునా యనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు బదులు వెదకువారు ముందుగా అమెరికా దేశపు కథ నొక దానిని వినవలెను. 1953 జనవరి 26వ తేదీన, మిల్వాకీ నగరమున, పాల్ పోబెరెజ్నీ యను వైమానికుడు తనవంటి కొలదిమంది ఔత్సాహికులను కూర్చి ప్రయోగ విమాన సంఘము నొకదానిని స్థాపించెను. ఆ యేటి సెప్టెంబరులో జరిగిన తొలి కూటమునకు వచ్చినవారు 150 మందికి లోపే. విమానములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. సంఘపు కచేరి ఆయన యింటి నేలమాళిగ. 1955లో ఆయన ఒక పత్రికలో, 800 డాలర్లకు లోబడిన వ్యయముతో చిన్న విమానము నెట్లు కట్టవచ్చునో వరుస వ్యాసములుగా వ్రాసెను. అవి సంఘము పేరును దేశమంతట చాటినవి. ఆ కూటములకు వచ్చినవాడు ఆకాశము వంక చూచి ఊరకుండుట లేదు. కొయ్యపట్టీ నెట్లు వంచవలెను, ఉక్కుగొట్టము నెట్లు అతుకవలెను, రెక్కపై గుడ్డ నెట్లు బిగింపవలెను అని తోటివాని నడుగుచుండెను. అడిగినవానికి చెప్పుట అచటి మర్యాద. చూచుటయు నేర్చుటయు ఒక్కటిగా నుండిన తిరునాళ్ళది.

1970 నుండి ఆ కూటము ఆష్కాష్ నగరమున జరుగుచున్నది. 2025లో అచటికి వచ్చినవారు 7,04,000 మంది యని సంఘము ప్రకటించెను. నూటయేబది యెక్కడ, ఏడు లక్షలెక్కడ! ఇంతటి జనసమ్మర్దమున్న చోటికి వర్తకుడు రాకుండునా? విమాన సంస్థల మహామండపములు లేచినవి. పాత యుద్ధవిమానముల విన్యాసములును, రాత్రివేళ బాణసంచాయును జనుల నాకర్షించినవి. 2012లో విన్యాసములు జరుగు బాట ప్రక్కనే కంపెనీల అతిథులకు ప్రత్యేక విడుదులు వెలసినప్పుడు, ఏండ్ల తరబడి వచ్చుచున్న సభ్యులు అనేకులు నొచ్చుకొనిరి. తాము కట్టిన ఇంటిలో తామే బంధువులమైతిమే యని వారి మనస్తాపము.

విమానమును కట్టుటయందును మార్పు వచ్చెను. స్వయముగా కట్టుకొన్న విమానమని అమెరికా ప్రభుత్వము ఒప్పుకొనవలెనన్నచో, పనిలో అధికభాగము విద్యకొరకో వినోదముకొరకో ఔత్సాహికులే చేసి యుండవలెనని నియమము. ఒకప్పుడు పటములు చూచి, కొయ్యయు లోహమును తానే కోసికొని కట్టుచుండిరి. తరువాత భాగములన్నియు పెట్టెలలో సిద్ధముగా వచ్చుట మొదలయ్యెను. అటుపిమ్మట సగము పని ముందే ముగించిన పెట్టెలును, కూలికి కట్టిపెట్టువారును వచ్చిరి. కట్టినవాడెవడు, కొన్నవాడెవడు అని తేల్చుకొనలేక 2009లో ప్రభుత్వము తన నిబంధనలను సవరింపవలసి వచ్చెను. ఈ పెట్టెల వలన మేలు లేకపోలేదు. కొలతలు కుదిరిన భాగములతో సామాన్యుడును నమ్మదగిన విమానమును కట్టుకొనగలిగెను. కాని ఈ వ్యాపారమున అగ్రగణ్యమైన వాన్స్ సంస్థ 2023 డిసెంబరులో అప్పులు తీర్చలేక న్యాయస్థానము నాశ్రయించినప్పుడు, ముందుగా సొమ్ము కట్టి పెట్టెలకై ఎదురుచూచుచున్నవారు గుండెలు చిక్కబట్టుకొని కూర్చుండిరి. మరుసటి యేడు సంస్థ తేరుకొనెను గాని, పెట్టెల వెలలు పెరిగినవి. తన చేతిపనిని ఒక్క అంగడికి తాకట్టు పెట్టినవానికి ఇది పాఠము.

అయినను ధర్మము చెప్పవలెను. ఆష్కాష్‌లో కొయ్యపనియు, లోహపు రేకుపనియు, గుడ్డపనియు నేర్పు పందిళ్ళు నేటికిని ఉన్నవి. వేతనము గోరక వేలమంది సేవ చేయుచున్నారు. 2022లో, 18 ఏండ్లు మించని పిల్లలకు ప్రవేశము ఉచితము చేసి, ఆ వ్యయమును బోయింగు కంపెనీ చేత భరింపజేసిరి. గమనింపుడు: వర్తకుని ధనమే అచట పిల్లవానికి ద్వారము తెరచినది. కావున ధనము దోషి కాదు. ధనమును ఏ పీటపై కూర్చుండబెట్టితిమనునదే విచార్యము.

ఇక మన దేశమునకు వత్తము. బెంగుళూరు చెంత యలహంకలో 1996 నుండి ఏరో ఇండియా ప్రదర్శనము జరుగుచున్నది. హైదరాబాదున బేగంపేటలో పౌరవిమానయాన ప్రదర్శనము రెండేండ్ల కొకమారు జరుగుచున్నది. 2024 జనవరిలో ఎయిర్ ఇండియా వారి తొలి ఎయిర్‌బస్ ఏ350 విమానమును అచటనే జనులకు చూపిరి. ఇవి ఔత్సాహికుల కూటములుగా పుట్టి సంతలుగా మారినవి కావు. క్రయవిక్రయముల కొరకే పుట్టినవి. దేశరక్షణకును, ప్రయాణసౌకర్యమునకును ఇట్టి సంతలు కావలసినవే. మా ఫిర్యాదు వాని పుట్టుకపై కాదు. దేశమున విమానోత్సవమనగా ఇవి తప్ప మరొకటి సామాన్యుని కంట బడకుండుటపై. 2025లో యలహంకలో తొలి మూడు దినములు వ్యాపారులవి, కడపటి రెండు దినములు జనులవి. విన్యాసములు మాత్రము చూచుటకు టిక్కెట్టు 1,000 రూపాయలు. ప్రదర్శనశాలలలో కాలుమోపుటకు 2,500 రూపాయలు. నలుగురున్న కుటుంబము లోనికి పోవలెనన్న పదివేలు! అవనిగడ్డ నుండి పోవు విద్యార్థికి రైలు ఖర్చు వేరు. ఇంత పెట్టి లోనికి పోయినవాడు తాడు కీవల నిలిచి, చేతిఫోనులో ఒక చిత్రము తీసికొని తిరిగివచ్చును.

ఆ విన్యాసములు చేయు వైమానికులను మేము తక్కువ చేయుట లేదు. 2010 మార్చి 3వ తేదీన బేగంపేట ప్రదర్శనమున నౌకాదళ విమానము కూలి ఇరువురు వైమానికులు మరణించిరి. 2019 ఫిబ్రవరి 19వ తేదీన యలహంకలో అభ్యాసవేళ రెండు సూర్యకిరణ్ విమానములు ఢీకొని ఒక వైమానికుడు అసువులు బాసెను. ప్రాణములొడ్డి చూపు ఆ విద్య అంగడి ముందరి తోరణము కారాదు. చూచు బాలుని గుండెలో నేర్వవలెనను కోరికను రగిల్చు నిప్పురవ్వ కావలెను.

మన దేశమున ఇంట విమానము కట్టినవానికి ఏమి జరిగెనో చూడుడు. ముంబయి నగరమున అమోల్ యాదవ్ అను వైమానికుడు తన ఇంటి మేడపై ఆరుగురు కూర్చుండదగిన విమానమును కట్టెను. 2016 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగిన మేకిన్ ఇండియా ప్రదర్శనమున దానిని నిలిపినప్పుడు దేశమంతయు మెచ్చుకొనెను. దానికి ప్రభుత్వపు పట్టికలో చోటు దొరకినది 2017లో. ఎగురుటకు అనుమతి పత్రము చేతికందినది 2019లో. మెచ్చుకోలు వారము దినములలో దొరకెను. అనుమతికి మూడేండ్లు దాటెను. ఆకాశమున ఎగురు వస్తువును జాగ్రత్తగా పరీక్షింపవలసినదే. కాని అడుగడుగునకు దారి చూపు సంఘము, ముందు కట్టినవారి అనుభవము, తోటివారి తోడు ఉండినచో ఆ దారి ఒంటరిది కాకుండెడిది. అట్టి తోడు అంగడిలో దొరకదు, కూటమిలో దొరకును.

మన కృష్ణాతీరమున సయితము వేడుకలకు కొదువ లేదు. 2017 జనవరిలో సంక్రాంతి ముంగిట విజయవాడ పున్నమి ఘాట్‌పై బ్రిటను దేశపు బృందము విమాన విన్యాసములు చేసెను. 2024 అక్టోబరు 22వ తేదీన అదే ఘాట్‌పై 5,500 డ్రోనులు దీపములై ఆకాశమున బొమ్మలు గీసి, ఐదు గిన్నిస్ రికార్డులు తెచ్చెను. ఆనాటి డ్రోనుల సభలో నూతన ఆవిష్కర్తలకు పోటీయును పెట్టిరి, మేలు. కాని రేవున నిలిచిన జనులకు మిగిలినదేమి? దీపములారిన పిమ్మట ఒక్క డ్రోనునైన విప్పి, ఇది దాని గుండె, ఇది దాని కన్ను అని ప్రతి పల్లె బాలునికి చూపు రోజు ఇంకను రావలసియున్నది. పొలముపై డ్రోను తిరిగినంత సేపు రైతు గట్టున నిలిచి చూచును. దాని రెక్క విరిగిననాడు పట్టణమునకు కబురంపి కూర్చుండును. కొనుట నేర్చి, బాగుచేయుట నేర్వని జాతి ఎంత కొన్నను బీదయే.

ఈ మాట బందరునకు క్రొత్త కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, పుస్తకమును చేతిపనియు ఒక్క కప్పు క్రింద ఉండవలెనని తలచిరి. నాటి సీమసరకు స్థానమున నేడు పెట్టెలో వచ్చు యంత్రము నిలిచినది, సమస్య మారలేదు.

వర్తకుడు లేకున్న మైదానపు అద్దె, బీమా, అగ్నిమాపక శకటములు ఎవరి సొమ్ముతో వచ్చునని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వర్తకుని వెడలగొట్టుమని మేమనుట లేదు. అతనికి అంగడి వీధి ఇండు, గర్భగుడి ఇయ్యకుడు. అతడిచ్చు సొమ్ములో మొదటి భాగము పిల్లల ఉచిత ప్రవేశమునకు పోవలెను. అతని మండపమునకు ముందుగా కట్టినవాని బల్ల యుండవలెను. అమ్ము వస్తువు నేదైనను అచట విప్పి చూపవలెను.

ఇందులకు కోట్లు అక్కరలేదు. మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయమున్నది. గుడివాడలోను, గుడ్లవల్లేరులోను సాంకేతిక విద్యాలయములున్నవి. ఏడాదికి ఒక దినము, కోతలు ముగిసి పొలములు ఖాళీయైన వేళ, ఇవి మూడును కలిసి ఒక కూటము జరుపలేవా? వెదురుతోను, కాగితముతోను కట్టిన గాలిపటము మొదలు, విద్యార్థులు కట్టిన చిన్న విమానము వరకు అన్నిటికిని చోటిండు. 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము 250 గ్రాములు మించని డ్రోనును ఎగురవేయుటకు వైమానిక ధ్రువపత్రము అక్కరలేదు. నిషిద్ధ ప్రదేశములను తప్పించి, అధికారుల అనుజ్ఞలతో చేసినచో భయము లేదు. ప్రవేశమునకు టిక్కెట్టు వలదు; తన చేత చేసిన వస్తువు నొకదానిని తెచ్చుటయే టిక్కెట్టు. గెలిచినవానికి బహుమానము మాట యటుండ, చెడినదానిని అందరి ఎదుట బాగుచేసినవానికి మొదటి బహుమానమిండు. బందరు కర్మాగారమున పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలు ఆనాడు బల్లల కడ కూర్చుండి, బాలుర ప్రశ్నలకు బదులు చెప్పుదురు గాక.

పట్టణ ప్రముఖులును, పఠనమందిరముల యువకులును ఈ సంగతిని ఆలోచింపవలెనని మా మనవి. తలయెత్తి చూచుట ఎవ్వరైన నేర్తురు. చూచిన పిమ్మట తల దించి, చేతులతో పని మొదలుపెట్టిన నాడే ఆకాశము మనదగును.