రెండు నిమిషాల కోసం

కిందటేడు డార్విన్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కి కార్లో వెళ్లాం, నేనూ మా బావా. స్టువర్ట్ హైవే. ఆస్ట్రేలియాలో కూడా మనలాగే ఎడమవైపే నడపాలి కదా, కేథరిన్ దాటగానే ‘నేను నడుపుతా’ అని స్టీరింగ్ తీసుకున్నా.

అటో లేన్, ఇటో లేన్. మధ్యలో డివైడర్ లేదు. ముందు ఒక లారీ కనిపించింది. మన విజయవాడ హైవే మీద అలవాటే కదా అని ఇండికేటర్ వేసి పక్కకి తీయబోయా.

“ఒరేయ్ ఆగు! వెనకాల బోర్డు చదివావా?” అన్నాడు బావ.

పసుపు బోర్డు మీద నల్లక్షరాలతో ‘రోడ్ ట్రెయిన్’ అని ఉంది. పక్కకి కాస్త జరిగి చూస్తే ఒక ట్రెయిలర్ కాదు, మూడు! అంతలో ఎదురుగా అలాంటిదే ఇంకోటి దూసుకొచ్చింది. ఆ గాలికి మా కారు ఊగింది. నా అరచేతుల్లో చెమట.

అక్కడ రోడ్ ట్రెయిన్ పొడవు 53.5 మీటర్ల దాకా ఉండొచ్చు. మన రైలు పెట్టెలు రెండు కలిపినా అంత రాదు. సరుకుతో కలిపి బరువు వంద టన్నులు దాటుతుంది. మన దగ్గర ట్రెయిలర్ లారీకి గరిష్ఠంగా 55 టన్నులే. యూరప్‌లో చాలా దేశాల్లో 40 టన్నులు, 18.75 మీటర్లు. ఫిన్లాండ్ కాస్త ధైర్యం చేసి 2019లో 34.5 మీటర్ల దాకా ఒప్పుకుంది.

మరి ఆస్ట్రేలియాకే ఇదెందుకు? ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు, జనం తక్కువ. దక్షిణం నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కి 1929లోనే రైలు వచ్చినా, అది డార్విన్ చేరేసరికి 2004 అయింది. అన్నాళ్లూ పశువులైనా, పెట్రోలైనా, బియ్యమైనా లారీయే మోయాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆలిస్ స్ప్రింగ్స్‌కి చెందిన కర్ట్ జొహాన్సెన్ పాత మిలటరీ ట్రక్కుకి వరసగా ట్రెయిలర్లు తగిలించి పశువుల్ని తోలాడు. ఇప్పటి రోడ్ ట్రెయిన్లకి దారి చూపింది ఆయనే అంటారు. మన ఊళ్ల మధ్యలోంచి, టోల్ గేట్లలోంచి, సందు మలుపుల్లోంచి ఇది పోతుందా? ఊహించుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. లారీ 90లో, మీరు 110లో ఉన్నారు. తేడా 20. అంటే సెకనుకి మీరు దానికంటే ఐదున్నర మీటర్లే ముందుకెళ్తారు. లారీ పొడవుకి ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపితే దాదాపు 145 మీటర్లు. దానికి 26 సెకన్లు పడుతుంది. ఆలోపు మీ కారు 800 మీటర్లు పోతుంది. ఎదురుగా వచ్చే కారు కూడా అదే స్పీడైతే ఇంకో 800. మొత్తం 1.6 కిలోమీటర్ల ఖాళీ రోడ్డు కళ్లకి కనపడాలి. నేను ఓవర్‌టేక్ చేద్దామనుకున్న చోట అరకిలోమీటరు కూడా కనపడలేదు!

పది నిమిషాలు బుద్ధిగా దాని వెనకాలే వెళ్లాం. రోడ్డు తిన్నగా, చాలా దూరం ఖాళీగా కనపడ్డాకే దాటాను. రాత్రి మోటెల్లో కూర్చుని లెక్కేశా. ఆ దూరం 110లో వెళ్లుంటే మిగిలేది రెండు నిమిషాలు కూడా కాదు.

మెల్‌బోర్న్‌లోనో, సిడ్నీలోనో చదువుకుంటూ సెలవులకి రోడ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్న మీ ఫ్రెండుంటే, ఈ లెక్క పంపండి. రెండు నిమిషాలే కదా, పోనివ్వమనండి.