తెల్ల కార్డు రాదు, పాలసీ కొనలేం: నాలుగెకరాల రైతు ఏ దవాఖానకు పోవాలి?

బోధన్ దగ్గరి ఒక ఊళ్లో మన సంఘం సభ్యుడొకరికి నిజాంసాగర్ కాలువ కింద నాలుగున్నర ఎకరాల మాగాణి ఉంది. ఒకప్పుడు చెరుకు, ఇప్పుడు రెండు పంటలూ వడ్లే. పోయిన యాసంగి నాట్లప్పుడు గట్టు మీదనే ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. నిజామాబాద్ తీసుకుపోతే అక్కడి నుంచి హైదరాబాద్ పొమ్మన్నారు. రెండు స్టెంట్లు వేశారు. మనిషి దక్కాడు. బిల్లు మాత్రం మూడు లక్షలు దాటింది. ఆరోగ్యశ్రీ ఉందా అని దవాఖాన కౌంటర్ దగ్గర అడిగారు. తెల్ల కార్డు లేదు కాబట్టి లేదు. మిత్తికి తెచ్చిన పైసలు తీర్చడానికి ఇప్పుడు ఎకరం బేరం పెట్టాడు.

ఆయన ఇంట్లో ఇనుప పెట్టెలో ఒక బీమా మాత్రం ఉంది. అది రైతు బీమా. పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు వస్తాయి. పరామర్శకు పోయిన మాతో ఆయన అన్న మాట ఇదే: తను పోయి ఉంటే ఇంటికి ఐదు లక్షలు వచ్చేవి, బతికినందుకు ఎకరం పోతున్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాం.

ఎవరికి ఉంది, ఎవరికి లేదు?

మొదట లెక్క సరిగా చూసుకుందాం. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. మంచి పనే. మా సభ్యుల్లో ఎందరో గుండె, కిడ్నీ ఆపరేషన్లు దాని మీదనే చేయించుకున్నారు. కాని అది ఇప్పటిదాకా ఆహార భద్రత కార్డుతో ముడిపడి నడిచింది. ఆ కార్డు రావాలంటే ఊళ్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటొద్దు. మాగాణి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు దాటొద్దు. రేషన్ కార్డుకు, ఆరోగ్యశ్రీకి ఉన్న ముడి తెంచుతామని 2024లో సర్కారు చెప్పింది. మా సభ్యుడికి ఆ మాట కౌంటర్ దగ్గర పనికి రాలేదు.

నాలుగెకరాల మాగాణి ఉన్నవాడు ఆసామియేనా? పెట్టుబడి, కూలీ, హార్వెస్టర్ కిరాయి పోను ఆయనకు మిగిలేది ఎంతో మనకు తెలుసు. జీతగాళ్లకు ఈఎస్ఐ ఉంది, సర్కారు ఉద్యోగికి హెల్త్ కార్డు ఉంది. నిజాం షుగర్స్‌లో పని చేసిన కార్మికులకు కూడా ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లే ఆ ధీమా. 2015 డిసెంబర్‌లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడగానే జీతంతో పాటు అదీ పోయింది. షుగర్ ఫ్యాక్టరీ పోయింది గాని షుగర్ బీమారీ మాత్రం ఇంటింటికీ వచ్చింది. నలభై దాటిన మన సభ్యుల్లో షుగరో బీపీయో లేని ఇల్లు వెతికితే దొరకదు.

అంగట్లోకి దిగి చూశాం

కార్డు లేకపోతే పాలసీ కొనుక్కోవచ్చు కదా అంటారు టౌన్లో వాళ్లు. సరే, కొందాం అనుకున్నాం. తెల్ల కార్డు లేని ఎనిమిది కుటుంబాలు, కంప్యూటర్ వచ్చిన ఇద్దరు పిల్లలు, అందరం కలిసి ఒక ఆదివారం నిజామాబాద్‌లో కూర్చున్నాం. కంపెనీల ధరలన్నీ ఒకే చోట చూపించే వెబ్‌సైట్లు తెరిచాం.

మొదటి గడిలోనే ఫోన్ నంబర్ అడిగింది. ఇచ్చిన పది నిమిషాలకు ఫోన్లు మొదలయ్యాయి. వారం రోజులు ఆగలేదు. మందు కొడుతుంటే ఫోన్, మోటరు దగ్గర ఫోన్, సగం ఇంగ్లిషు, సగం హిందీ.

తర్వాత వయసు, జబ్బులు. 54 ఏళ్ల భర్త, 49 ఏళ్ల భార్య, ఇద్దరికీ షుగర్. 5 లక్షల పాలసీకి ఏడాదికి 30 వేల చుట్టూ చూపించింది. వడ్ల మద్దతు ధర ఏ గ్రేడుకు 2025-26లో క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే పన్నెండున్నర క్వింటాళ్లు, సుమారు అరెకరం పంట ఒక్క ప్రీమియానికే పోవాలి. అదీ ఏటేటా, వయసుతో పెరుగుకుంటూ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఆ మేరకు తగ్గినా ఇదీ సంగతి.

ఫోన్ చేసిన ఒక ఏజెంటు తోవ చెప్పాడు. షుగర్ ఉన్నదని రాయకండి, ధర తగ్గుతుంది అన్నాడు. మేము ఒప్పుకోలేదు. రాయకుండా దాచితే రేపు దవాఖానలో పడ్డప్పుడు పాత చీటీలు తీసి క్లెయిమ్ కొట్టేస్తారు. అప్పుడు ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు.

షుగర్ ఉందని నిజం రాస్తే ఇంకో కథ. ముందునుంచే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాలని పెట్టొచ్చు. ఇంతకుముందు నాలుగేళ్లు ఉండేది, 2024లో నియంత్రణ సంస్థ మూడుకు తగ్గించింది. కాని మూడు పంటకాలాలు కాదు, మూడు నిండు సంవత్సరాలు ప్రీమియం కట్టాలి, అందాకా ఆ జబ్బుతో వచ్చే ఖర్చు మనదే.

గది కిరాయి షరతు ఇంకా తిరకాసు. పాలసీ ప్రకారం గదికి రోజుకు 4 వేలే అనుకోండి. మనం 8 వేల గదిలో చేరితే మిగతా 4 వేలు కట్టుకుంటే సరిపోదు. డాక్టరు ఫీజు, థియేటర్ ఖర్చు లాంటి వాటిలోనూ సగం కోస్తారు. ఈ సంగతి అర్థం కావడానికి మాకు గంట పట్టింది. ఎందుకంటే మొత్తం కాగితం ఇంగ్లిషులో ఉంది.

దవాఖానల జాబితా చూస్తే, మేము చూసిన పాలసీల్లో నిజామాబాద్‌లో కొన్ని ఉన్నాయి. బోధన్, వర్ని, రుద్రూరు వైపు ఒక్కటీ కనబడలేదు. రాత్రి పాము కరిస్తే, గుండె పట్టుకుంటే బస్సెక్కి పోయి క్యాష్‌లెస్ అడుగుతామా?

సాయంత్రానికి తేలింది ఇది: ఎనిమిది కుటుంబాల్లో రెండు కొన్నాయి. ఒకరికి మళ్లీ ఆలోచించి చెబుతామని కంపెనీ అన్నది. మిగతా ఐదుగురు చాయ్ తాగి బస్సెక్కారు.

ధర కనబడితే సరిపోతుందా?

ఇప్పుడు కొత్తగా బీమా సుగం అంటున్నారు. అన్ని కంపెనీల పాలసీలూ ఒకే చోట చూసి, కొని, క్లెయిమ్ కూడా అక్కడే అడిగే ఉమ్మడి అంగడి అది. బీమా నియంత్రణ సంస్థ 2024 మార్చిలో దానికి నిబంధనలు తెచ్చింది. 2025 సెప్టెంబర్‌లో వెబ్‌సైట్ తెరిచారు, కొనుగోళ్లు దశలవారీగా వస్తాయన్నారు. మేము దానికి వ్యతిరేకం కాదు. ఏజెంటు మాయమాటలు తగ్గితే మంచిదే.

కాని ఇలాంటి అంగడి మనకు కొత్త కాదు. 2016లో ఈ-నామ్ మొదలైనప్పుడే మన నిజామాబాద్ యార్డును అందులో చేర్చారు. పసుపు కుప్ప పోస్తే ధర తెర మీద కనబడుతుంది. తూకం, చెల్లింపుల్లో కొంత మేలు జరిగింది. కాని పసుపుకు మద్దతు ధర లేదు కాబట్టి, ధర పడిపోయిన ఏడాది తెర మీద కూడా పడిపోయిన ధరే కనబడింది. తెర ధరను చూపిస్తుంది, ధరను నిలబెట్టదు. బీమా అంగడి కూడా అంతే. 30 వేల ప్రీమియాన్ని ఎంత చక్కగా చూపించినా అది 30 వేలే.

అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడ 2010 చట్టం కింద 2013 అక్టోబర్‌లో సర్కారు బీమా అంగడి తెరిచారు. అది జనానికి అందింది వెబ్‌సైట్ వల్ల కాదు. జబ్బు ఉందని కంపెనీ కాదనొద్దు, ఎక్కువ వసూలు చేయొద్దు అని చట్టం పెట్టారు, ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో సర్కారు వాటా కట్టింది. 2021లో పెంచిన ఆ వాటాకు 2025 ఆఖరుదాకే గడువు. దాన్ని పొడిగించాలన్న కొట్లాటలోనే 2025 అక్టోబర్‌లో అక్కడి సర్కారు ఆఫీసులు మూతపడ్డాయి. అంత ధనిక దేశంలోనే సర్కారు వాటా లేకుండా సామాన్యుడు పాలసీ కొనలేకపోతే, మన బోధన్ రైతు కొంటాడా?

మన పక్కనే దారి ఉంది

అంత దూరం ఎందుకు, మన సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ 2003లో యశస్విని పథకం మొదలైంది. సహకార సంఘంలో సభ్యుడైన రైతు ఏడాదికి 60 రూపాయలు కడితే ఆపరేషన్ ఖర్చు పథకం భరించింది. 2018లో ఆపేశారు, రైతులు అడిగితే 2022లో మళ్లీ తెచ్చారు. ఊళ్లో నలుగురు ఉన్న కుటుంబానికి 500 రూపాయలు, 5 లక్షల దాకా. ఒక్కొక్కరు అంగట్లో బేరమాడలేదు, సంఘమంతా ఒక్క గుంపుగా చేరింది, సర్కారు తన వాటా కలిపింది. గుంపులో షుగర్ ఉన్నవాడూ ఉంటాడు, లేనివాడూ ఉంటాడు, ఖర్చు పంచుకుంటారు. చెరుకు బండ్లు ఒక్కటిగా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితేనే బాకీ వసూలైందని మనకు తెలియదా?

ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరోగ్యశ్రీకి కుటుంబ ఆదాయ పరిమితి 5 లక్షలు చేశారు, మాగాణి పరిమితి 12 ఎకరాలు పెట్టారు. గోదావరి కింది భాగంలో 12 ఎకరాల రైతుకు అర్హత ఉంటే, మంజీర ఒడ్డున నాలుగెకరాల రైతుకు ఎందుకు లేదు?

మా డిమాండ్లు

1. ఆరోగ్యశ్రీకి మూడున్నర ఎకరాల గీత తీసెయ్యాలి. రేషన్ కార్డుతో పని లేకుండా ప్రతి రైతు కుటుంబానికీ హెల్త్ కార్డు ఇవ్వాలి. చెప్పిన మాటను జీవోగా చేతికివ్వాలి.

2. రైతు బీమా పేర్లు, ఆధార్, పట్టా వివరాలు సర్కారు దగ్గర ఇప్పటికే ఉన్నాయి. అదే జాబితా మీద సహకార సంఘాల ద్వారా గుంపు ఆరోగ్య బీమా తేవాలి. సగానికి మించి ప్రీమియం సర్కారు కట్టాలి. రైతు బీమా 59 ఏళ్లకే ఆగుతుంది, ఇందులో వయసు గీత ఉండొద్దు. పట్టా లేని కౌలు రైతును కూడా చేర్చాలి.

3. ఆరోగ్యశ్రీ బకాయిలు ఎప్పటికప్పుడు కట్టాలి. 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బాకీల కోసం సేవలు ఆపితే నష్టపోయింది రోగులే. బోధన్ సర్కారు దవాఖానకు, నిజామాబాద్ జనరల్ ఆసుపత్రికి డాక్టర్లను, మందులను పూర్తిగా ఇవ్వాలి. దవాఖాన లేని చోట ఏ కార్డూ పనికి రాదు.

4. బీమా సుగంలో కాగితాలు తెలుగులో ఉండాలి. మండలం వారీగా దవాఖానల జాబితా చూపాలి. మనం అడగనిదే ఒక్క ఫోన్ కూడా రావొద్దు.

అందాకా కొనేవాళ్లు ఏం చూడాలి?

కొనక తప్పదనుకునే సభ్యులు ముందు ఆరోగ్య సంజీవని అడగండి. 2020 నుంచి ఉన్న ఈ పాలసీ షరతులు అన్ని కంపెనీల్లో ఒక్కటే, ధర మాత్రం వేరు. కాబట్టి పోల్చుకోవడం సులువు. ఇందులో ప్రతి బిల్లులో 5 శాతం మనమే కట్టాలి, గదికి బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకు 5 వేలు మించకుండా ఇస్తారు. జబ్బును దాచొద్దు. పాలసీ అందిన 30 రోజుల్లో నచ్చకపోతే వాపస్ చేయొచ్చు. ఇప్పుడు 65 దాటినవాళ్లకూ పాలసీ అమ్మొచ్చు, వయసు ఎక్కువని చెప్పి తిప్పి పంపితే ఊరుకోవద్దు. క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలన్నది నియమం. క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకి రాయండి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రాయడం రాకపోతే సంఘం ఆఫీసుకు కాగితాలు తీసుకొని రండి, మేము రాసిపెడతాం.

మీ ఊళ్లో తెల్ల కార్డు లేక దవాఖాన ఖర్చుకు భూమి అమ్మిన, బంగారం కుదువ పెట్టిన కుటుంబాల వివరాలు గ్రామ కమిటీలు ఈ నెలాఖరులోగా రాసి పంపాలి. ఆ జాబితాతోనే కలెక్టరేట్‌కు పోదాం. చనిపోయిన రైతు ఇంటికి ఐదు లక్షలు ఇచ్చే సర్కారు, బతికున్న రైతును బతికించుకోవడానికి కూడా ఒక వాటా కట్టాలి. మేము అడిగేది అంతే.