పాత లెక్కలు – కొత్త తాఖీదులు

ముగిసినదనుకొన్న యేటి లెక్కలపై ఆదాయపు పన్ను తాఖీదు వచ్చినచో వాషర్‌మెన్‌పేట యెం.సి. రోడ్డు వర్తక సోదరులకు గుండె జల్లుమనుట సహజము. కాని తిరుగదోడుటకు అధికారులకును గడువు కలదు. 2024 సెప్టెంబరు 1 నాటి సవరణ ప్రకారము అది అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన పిదప 3 ఏండ్ల 3 నెలలు. తప్పిపోయిన ఆదాయము 50 లక్షలు గాని అంతకు మించి గాని యున్నచో 5 ఏండ్ల 3 నెలలు. అంతకుముందు పెద్ద మొత్తములకు 10 ఏండ్ల వరకుండెడిది. సాధారణముగా ముందు ఆధారము చూపి సంజాయిషీ కోరవలెను. అభిప్రాయము మారినంత మాత్రమున తిరుగదోడరాదని 2010లో కెల్వినేటరు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

దాచినవారికి మేము వకాల్తా పుచ్చుకొనము. నిజాయితీపరుని చిఠ్ఠా, ఆవర్జాలు చెదల పాలైనచో ఏ తీర్పు కాపాడును? గడువు తీరువరకు లెక్కలు భద్రపరచుడు. తాఖీదును పెట్టెలో పడవేయక సకాలమున బదులిండు.